చావ్ నెయ్ యావ్యూ

నిరుడు చలికాలంలో దుబాయ్‌లోని కరామాలో బస్సు దిగి నడుస్తుంటే ఏదో హోటల్లోంచి వెల్లుల్లి, మాడిన సోయా, సముద్రపు నీచు కలిసిన వాసన వచ్చి కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

నా ఎనిమిదో ఏట అది శుక్రవారాల వాసన. నమాజు అయ్యాక అబ్బా నన్ను తను కూరగాయలు తరిగే చైనా హోటల్‌కి తీసుకెళ్లేవాడు. వెనక గుమ్మం దగ్గర ఉల్లిపాయల బస్తా మీద కూర్చుంటే, హాంగ్‌కాంగ్ నుంచి వచ్చిన పెద్ద వంటవాడు, అందరూ ఉస్తాద్ అనే ముసలాయన, పనివాళ్ల వీపులు గరిటెతో వాయించే ఆ చేత్తోనే, సముద్రంలో దొరికే, వేడికి చుట్టలు చుట్టుకుపోయిన స్క్విడ్ ముక్కలు నా పళ్లెంలో వేసేవాడు. వాళ్ల కాంటనీస్‌లో స్క్విడ్ యావ్యూ. మన చెవికి చావులా వినిపించే 'చావ్' అంటే వేయించడం. 'నెయ్' అంటే నువ్వు.

ఉస్తాద్ ఊరివాడే అయిన ముదీర్, అంటే మేనేజరు, ఒకరోజు ఆయన మీద "చావ్ నెయ్ యావ్యూ చేస్తా" అన్నట్టు అరిచాడు. స్క్విడ్ వేయించమంటున్నాడనుకున్నాను.

మరుసటి శుక్రవారం ఆకలికి ఆగలేక, ముదీర్ చెప్పాడంటే త్వరగా పెడతారని, "ఉస్తాద్! ముదీర్ బోలా, చావ్ నెయ్ యావ్యూ!" అన్నాను.

ఆయన మొహం నల్లబడింది. ఎముకలు నరికే కత్తి అందుకుని వంటగది పక్కనే ఉన్న ముదీర్ గదికి పరుగెత్తాడు. నూనె పెనం తిరగబడింది, పళ్లేలు భళ్లున పగిలాయి, తలుపు తెరిచిన ముదీర్ మెడ మీదికి కత్తి లేచింది, మధ్యలోకి అబ్బా చెయ్యి వెళ్లింది. క్యాబేజీ తరుగులో రెండు వేళ్లు పడ్డాయి.

"ఈడికి రాబాకమ్మా! కళ్లు మూసుకో!" అని అరిచాడు అబ్బా.

కత్తి తన చేతిలోనే జారిందని పోలీసులకు చెప్పాడు. ముదీర్ కాదనలేదు గానీ ఉస్తాద్‌ని ఆ వారమే తీసేశాడు. కట్టు కట్టిన చేత్తోనే అబ్బా నన్ను ఆయన గదికి తీసుకెళ్లాడు. ఉస్తాద్ పరుపు చుడుతూ, తన వంకర హిందీలో, స్క్విడ్ ఇలాగే చుట్టుకుంటుందనీ, పని పోయినవాడు పక్క చుట్టుకుంటాడనీ, నేనన్న మాటకు 'నిన్ను పనిలోంచి తీసేశాను' అని అర్థమనీ చెప్పాడు.

"నెయ్ నహీఁ. ఖొయ్ బోలో." నెయ్ అనకూడదట, ఖొయ్ అనాలట. ఖొయ్ అంటే అతను, ముదీర్.

"చావ్ ఖొయ్ యావ్యూ" అన్నాను.

"అబ్ సహీ" అన్నాడు ఉస్తాద్.

కత్తి పట్టలేని అబ్బా గిన్నెలు కడగడానికి మారాడు. "మొగాన చెప్పేదానికి దమ్ము లేక బిడ్డతో కబురంపినాడు ఆ ముదీరు" అని బతికినన్నాళ్లూ తిట్టాడు. ఆ కబురు తను పంపలేదని ముదీర్ ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు.

ఆ వంటగది ఉన్నచోట ఇప్పుడు మందుల షాపు. ఆ ముగ్గురిలో ఎవరూ లేరు. ఆ కబురు ఎవరూ పంపలేదని చెప్పడానికి అబ్బా పక్కన నాకు ఇరవయ్యేళ్లు దొరికాయి. చెప్పలేదు.