మేము పంచిపెట్టిన నీళ్లు

నా చిన్నప్పుడు నాందేడ్‌లో మా గల్లీకి నల్లా నీళ్లు రోజూ వచ్చేవి కావు. ఒకసారి వచ్చి పోతే మళ్లీ ఎప్పుడొస్తాయో, ఆ నీళ్లు వదిలే మనిషికైనా తెలుసో లేదో. గోదావరి ఊరినానుకునే పారుతుంది. ఆ ఒడ్డున ఉండి బిందె నీళ్ల కోసం కొట్లాడుకునేవాళ్లమంటే బయటివాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నీళ్లొచ్చిన రోజు మా గల్లీలో పెళ్లిపనుల హడావిడి ఉండేది. పిల్లలకు బడి లేదు, ఆడవాళ్లకు పొయ్యి లేదు. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే, ప్రతి డబ్బా నిండాల్సిందే. అలా నింపుకున్నవే మళ్లీ నల్లా వచ్చేదాకా తాగాలి.

అలాంటి గల్లీలో మాది గొప్ప ఇల్లు. గొప్పంటే మేడ ఉందని కాదు, మోటారు ఉందని. కిరాణా దుకాణం కాస్త నిలదొక్కుకోగానే మా నాయన నల్లా పైపుకే నేరుగా ఒక చిన్న మోటారు బిగించాడు. అది మొదలైతే చాలు, ఇంటి ముందు సిమెంటుతో కట్టించిన హౌజు చూస్తుండగానే నిండేది. మిగతా ఇళ్ల నల్లాలు కాసేపు గాలి ఊది ఊరుకునేవి. దాంతో గల్లీకి గల్లీ బిందెలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేది. నాయన ఎవరినీ కాదనేవాడు కాదు. తీసుకుపొండి, తాగే నీళ్ల దగ్గర లెక్కలేంటి అనేవాడు. ఆ వరుసను చూసుకునే పని నాది. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అన్నది నేను తేల్చాలి. నాకున్నంత అధికారం కలెక్టరుకు కూడా లేదనుకునేదాన్ని.

మా నీళ్లకు పేరు కూడా ఉండేది. తాతయ్య పాత ధోతి చింపి మోటారు పైపు మూతికి కట్టేవాళ్లం. అమ్మ హౌజులో పటిక ముక్క తిప్పేది. అడుగున గుండుసూది పడినా కనిపించేంత తేటగా ఉండేవి. గుడ్డ కట్టాం, పటిక తిప్పాం, నీళ్లకు ఇంతకన్నా ఏం చేస్తారు అన్నది మా అందరి ధీమా. మొదట వచ్చే నీళ్లు కొంచెం వాసన వేస్తే, పైపులో నిలవ ఉన్నవి కదా అని ఓ బకెట్టు పారబోసి తర్వాతవి పట్టేవాళ్లం.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వాళ్లది కిన్వట్ దిక్కు పల్లె, మాదీ అదే దిక్కు. అక్కడ మాకు చేలుండేవి, వాళ్లు ఆ చేలల్లో కూలికి వచ్చేవాళ్లు. ఊళ్లోనే ఉండి ఉంటే ఆ అక్క మా నాయనను పటేలా అని వాకిటి బయట నిలబడి పిలవాల్సిందే. వాళ్ల చేతి నీళ్లు మేము తాగేవాళ్లం కాదు. నాందేడ్ వచ్చాక, చుట్టూ అంతా మరాఠీ మాటలే అయ్యేసరికి, తెలుగు మాట్లాడే రెండిళ్లూ దగ్గరయ్యాయి. అక్క పెనిమిటి బజారులో మూటలు మోసేవాడు. ఆమె ఎప్పుడు మొదలుపెట్టిందో గానీ, మా నాయనను అన్నా అనేది. నాయన చెల్లె అనేవాడు. అదెంత పెద్ద సంగతో నాకప్పుడు తెలియదు.

ఆ అక్కకు ఇంకా అడుగులెయ్యని కొడుకు. ఒక ఎండాకాలం వాడు వాంతులు, విరేచనాలతో దవాఖానలో పడి, చావు తప్పి ఇంటికొచ్చాడు. మెడ నిలిపే ఓపిక కూడా లేదు వాడికి. డాక్టరు నీళ్లు కాచి చల్లార్చి తాగించమన్నాడట. గల్లీలో ఇంకా కొందరు పిల్లలకు అదే జబ్బు. ఎండ దెబ్బ అన్నారు, మామిడిపండ్లు పడలేదన్నారు, దిష్టి అన్నారు. మా నీళ్ల మాట ఎవరి నోటా రాలేదు. రాదు కూడా, అవి అంత తేటగా ఉండేవి మరి.

తాతయ్య అప్పటికి ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేశాడు. ఆయన ధోతులు ఆయనే ఉతుక్కునేవాడు. అమ్మ ఉతికితే తెలుపు రాదని మొండి వాదన. అక్క కొడుకు ఇంటికొచ్చిన కొన్ని రోజులకు నీళ్లొచ్చాయి. గల్లీ వాళ్లు బిందెలు నింపుకుని వెళ్లిపోయారు. హౌజులో మా వంతు ఇంకా పడుతుండగా తాతయ్య ఉతుకుడు ముగించి, ధోతికి నీలిమందు పెట్టి, మిగిలిన నీలి నీళ్లను వాకిలి ముందు మురికినీళ్లు పారే మోరీలో గుమ్మరించాడు. మా నల్లా పైపు ఆ మోరీలోంచే ఇంట్లోకి వచ్చేది. నేను హౌజు గట్టు మీద కూచుని ఉన్నాను. కాసేపటికి పైపు మూతికి కట్టిన తెల్ల గుడ్డ మీద నీలం మరక తేలింది. నాకు భలే వింతగా తోచి తాతయ్యను పిలిచి చూపించాను.

ఆయన నవ్వలేదు. ఆ గుడ్డను పట్టి చూశాడు. లోపలికి వెళ్లి నాయనను వెంటబెట్టుకొచ్చాడు. వేరే తెల్ల గుడ్డ కట్టించి, మళ్లీ నీలి కలిపి, నాయన కళ్లెదుటే మోరీలో పోశాడు. ఈసారి మరక ఇంకా ముదురుగా వచ్చింది. నాయన వెళ్లి మోటారు బందు చేశాడు. పైపు మోరీ అడుగున ఎక్కడో తుప్పు పట్టి తూట్లు పడింది. మోటారు నల్లా నీళ్లతో పాటు మోరీ నీళ్లనూ గుంజుకుంటోంది. మేము పటిక తిప్పి తేట చేసి గల్లీకంతా పంచుతున్నది దాన్నే.

నాయన గొంతు తగ్గించి, రేపే పైపు మార్పిస్తానని, ఇప్పుడు పదిమందికీ చెబితే మొహాన ఉమ్మేస్తారని, ఏదో అన్నాడు. తాతయ్య విన్నాడు.

"పైపు రేపు మారుస్తవు. వాళ్ల బిందెలల్ల ఉన్న నీళ్లు ఎవరు పారబోస్తరు?" అన్నాడు.

నాయన చొక్కా తొడుక్కుని, ఎందుకో నా చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. ఒక్కడే వెళ్లడానికి ధైర్యం చాలలేదేమో అని ఇప్పుడనిపిస్తుంది. నాకు మాత్రం ఏ సంగతీ అర్థం కాలేదు. ఎండలో వరుసను కాసి కాసి గొంతెండిపోయి ఉంది.

మొదట పక్కింటికే వెళ్లాం. అన్నాళ్లలో నాయన ఆ గడప దాటడం అదే మొదటిసారి. అక్క మొహం వెలిగిపోయింది. చాప పరిచింది. ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్లివ్వాలి కదా, చెంబులు కొంగుతో తుడిచి, అప్పుడే మా ఇంట్లోంచి తెచ్చుకున్న బిందెలో ముంచి, ఒకటి నాయనకు, ఒకటి నాకు ఇచ్చింది. పిల్లవాడు మూలన చీర ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. వాడి పక్కనే మూత పెట్టిన గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్లున్నాయి.

నాయన చెంబు పట్టుకుని కూచున్నాడు. ఆ అక్కే మాట కలిపింది. "స్టవ్వుల నూనె ఒడిసింది అన్నా. మీ నీళ్లు గింత తేటగుంటయి గద, రేపటి సంది కాచుడు బందు చేద్దామనుకుంటున్న. పోరనికి గవే తాపుత."

అప్పుడైనా నాయన నోరు విప్పుతాడనుకుంటాం. విప్పలేదు. నేను ఆగలేక నా చెంబు ఎత్తి నోటికి పెట్టుకోబోయాను. నాయన చెయ్యి విసురుగా వచ్చి దాన్ని కొట్టేసింది. చెంబు దొర్లుకుంటూ గోడ దాకా పోయింది. నా గౌను తడిసింది, చాప తడిసింది.

అక్క ముందు బిత్తరపోయింది. తర్వాత ఆమె మొహంలో ఏదో ఆరిపోయింది. వంగి చెంబు తీసుకుని, లేచి కాస్త వెనక్కి జరిగి నిలబడింది.

"తప్పయింది పటేలా. మా చేతి నీళ్లన్నది యాది మరిచిన."

ఆమె ఏమనుకుందో నాయనకు వెంటనే అర్థమైంది. కాదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన అనలేదు. ఆమె చేతి నీళ్లు మాకు పనికిరావనుకుంటే అనుకోనీ, మా నీళ్లే ఆమె బిడ్డను చంపబోయాయని తెలియడం కంటే అదే నయం అనుకున్నాడు. ఆ అపార్థాన్ని అడ్డం పెట్టుకుని, నన్ను రెక్క పట్టి లాక్కుని బయటపడ్డాడు. మా నాయన చెడ్డవాడు కాదు. అదే నాకు మింగుడుపడని సంగతి.

మా ఇంటి గుమ్మంలో తాతయ్య నిలబడి ఉన్నాడు. నా తడి గౌను చూసి ఏమైందని అడిగాడు. నేను ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను, పటేలా అన్న మాటతో సహా. చెప్పినవా అని నాయనను అడిగాడు. నాయన తల దించుకున్నాడు. తాతయ్య ఇంకేం అడగకుండా అక్క ఇంటికి వెళ్లి, ఆ తడి చాప మీదే కూచున్నాడు. వెనకాల మేమూ వెళ్లాం. పిల్లవాని కోసం కాచిన నీళ్లు ఇంత పొయ్యి బిడ్డా అని అడిగి, ఆమె చేత పోయించుకుని, మా అందరి ముందూ తాగాడు. తాగి, చెంబు పక్కన పెట్టి, నాయన వైపు చూశాడు.

"నీ చేతిల ఏం లేదు చెల్లె," అన్నాడు నాయన. "నీళ్లల్లనే ఉన్నది. మోరీ నీళ్లు కలుస్తున్నయి. నా మోటరే గుంజుతున్నది."

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాయన ముసలితనంలో కూడా అనేవాడు. ఆమె ఉయ్యాల వంక చూసింది. తర్వాత లేచి బిందెలు ఒక్కొక్కటీ ఎత్తుకెళ్లి మోరీలో పారబోసింది. నాయన సాయం పట్టబోతే వద్దని తల ఊపింది. ఆ సాయంత్రం నాయన గల్లీలో ప్రతి ఇంటికీ వెళ్లి మరాఠీలో అదే మాట చెప్పుకున్నాడు. కొందరు ఊరుకున్నారు, కొందరు అనాల్సినవన్నీ అన్నారు. మోటారు ఊడదీశాం.

అసలు సిగ్గు ఆ తర్వాత వచ్చింది. మళ్లీ నీళ్లొచ్చిన రోజు మా వాకిట్లోకి ఎవరూ రాలేదు. కోపంతో రాలేదనుకున్నాను. గల్లీలోకి వెళ్లి చూస్తే, ఏళ్లుగా గాలి ఊదిన నల్లాలన్నిటిలో నీళ్లు పడుతున్నాయి. సన్నటి ధారే, కానీ ఆగకుండా పడుతోంది. అక్క తన నల్లా కింద తన బిందె పెట్టుకుని నిలబడి ఉంది. వాళ్ల నీళ్లు గుంజుకుని, మురికి కలిపి, వాళ్లకే దానం చేశామన్నమాట ఇన్నాళ్లూ. ఆ దానానికి నేను వరుస కట్టించాను.

పిల్లవాడు కోలుకున్నాడు. ఆ అక్క తర్వాత కూడా మాతో బాగానే మాట్లాడింది, పండక్కి పిండివంటలు పంపింది. కానీ వాళ్లు ఇల్లు మారి వెళ్లేదాకా నాయనను పటేలా అనే పిలిచింది. అన్నా అన్న మాట మళ్లీ రాలేదు. పిలిచినప్పుడల్లా నాయన చూపు నేల మీదికి పోయేది.

ఇప్పుడు నేను అదే ఊళ్లో కొడుకు ఫ్లాటులో ఉంటున్నాను. నల్లా ఇప్పటికీ రోజూ రాదు, వచ్చినప్పుడు ఇంటింటా మోటార్లు మోగుతూనే ఉంటాయి. వంటింటి గోడకు ఫిల్టరు ఉంది, మనవరాలు ఆ నీళ్లే తాగుతుంది. కింద వాచ్‌మన్ కూతురు, దాని ఈడుదే, పార్కింగులో ఉన్న నల్లాకు దోసిలి పట్టి తాగుతుంది. చాలాకాలం మెట్లు దిగుతూ ఎక్కుతూ చూశాను, చూసి ఊరుకున్నాను. ఈమధ్యనే పొద్దున్నే ఓ క్యాను నింపి కిందికి మోసుకుపోతున్నాను. మోకాళ్లకెందుకీ శ్రమ అని కోడలు గొణుగుతుంది. నేను పుణ్యానికి పోవడం లేదు. ఆ రోజు నా నోటి దగ్గర చెంబు చూడగానే మా నాయన చెయ్యి ఎంత తొందరగా లేచిందో నాకు తెలుసు. పక్కనే ఉయ్యాలలో ఇంకో బిడ్డ ఉన్నాడు. వాడి కోసం అది లేవలేదు.