నాలుగు ముక్కల రైలుమార్గం

ఇంట్లో బొమ్మ రైలు నడపాలని మూడు నెలలు కూర్చుని ప్లాన్ గీసుకున్నాను. శంషాబాద్‌లో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. ఇల్లు మారినా విప్పి పట్టుకుపోయేలా నాలుగు చెక్క బల్లలుగా గీశాను. నాలుగూ కలిపితేనే రైలు తిరుగుతుంది. ఈ రోజు నేను ఎయిర్‌పోర్టులో డ్యూటీలో ఉండగా వడ్రంగి వాటిని ఇంట్లో దించి వెళ్లాడు.

సాయంత్రం వచ్చి చూస్తే, స్టేషన్ రావాల్సిన బల్ల మీద బియ్యం బస్తా ఉంది. వంతెన బల్ల మీద మా ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. మలుపు రావాల్సిన బల్ల మీద మా అత్తమ్మ తెల్లగుడ్డ పరిచి బైబిలు, పాటల పుస్తకం పెట్టింది. ఏడింటికి ప్రార్థనకు సంఘం వాళ్లు వస్తారట. ఇక దాన్ని జరపమనే ధైర్యం నాకు లేదు.

"ఇవి రైలు కోసం చేపిచ్చిన కదనే," అన్నాను.

"ఎరుకే. ముక్కలు ముక్కలు చేపిచ్చుడు మంచిగైంది, ఇంట్ల తలా ఒకటి వచ్చింది. గా మూలకున్నది నువ్వు తీస్కో," అంది మా ఆవిడ, ఇస్త్రీ ఆపకుండానే.

మూలనున్న ఆ బల్ల మీద, నా ప్లాన్ ప్రకారం వచ్చేది సొరంగం ఒక్కటే. అటూ పట్టాలు లేవు, ఇటూ పట్టాలు లేవు. అందులోకి రైలును ఎలా పంపాలో మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి.