టీచరమ్మ గోడ మీద సెప్టెంబర్ పదిహేడు

టీచరమ్మ పోయింది. ఇంజిన్‌లో ఉన్నంతసేపు మాకు ఫోన్ తెరిచే వీలుండదు. గూడ్స్ బండిని కాజీపేట యార్డులో అప్పగించి, కిందికి దిగి ఫోన్ ఆన్ చేస్తే మా ఆవిడ మెసేజ్ కనిపించింది. "టీచరమ్మ పొద్దుగాల పోయింది. జల్ది రా." నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకో వారం ఆగి ఉంటే సెప్టెంబర్ పదిహేడు దాటిపోయేది. ఆ రోజును మా నెత్తిన పెట్టి పోవడం ఏం న్యాయమని చాలాసేపు ఆమెతో మనసులోనే కొట్లాడాను.

ఎందుకో తెలియాలంటే ఆమె గోడ గురించి చెప్పాలి. సర్కారు బడిలో నాకు సోషల్ చెప్పింది ఆమె. రిటైరైన నెలలోనే తన ఇంటి ప్రహరీ గోడకు గల్లీ వైపున తలుపంత మేర నల్లరంగు వేయించింది. రోజూ చాయ్ తాగకముందే ఆ రోజు తారీఖు వేసి, అదే తారీఖున మన దేశంలో జరిగిన సంగతి రాసేది. అలాంటివి పేపర్లలోనూ వస్తాయి. ఆమె చేసిన పని వేరు. దేశం సంగతి కింద ఒక గీత గీసి, గీత కింద "ఆ రోజు మనోళ్లు" అని మొదలుపెట్టేది. అక్కడ అది జరుగుతున్నప్పుడు మా గల్లీవాళ్లు, లేదా వాళ్ల అమ్మానాన్నలు, ఎక్కడున్నారో ఏం చేస్తున్నారో రాయాలి. దాని కోసం ముందురోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగేది. ఎవరికీ ఏమీ గుర్తు లేకపోతే గీత కింద ఖాళీగా వదిలేసేది, అంతేగానీ కల్పించేది కాదు.

కొత్త సుద్దముక్కను సగానికి విరవనిదే రాసేది కాదు, నిండు ముక్క కీచుమంటుందని. కొంగుకు ఎప్పుడూ సుద్దపొడే. ఫోన్లో వచ్చిన చరిత్ర ఏదైనా తీసుకెళ్లి గొప్పగా చూపిస్తే, కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగేది. "నీకెవరు చెప్పిన్రు? వాళ్లకెవరు చెప్పిన్రు?" రెండో ప్రశ్నకు జవాబిచ్చిన మొనగాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఆగస్టు పదిహేనున అందరూ స్వాతంత్ర్యం వచ్చిందని రాస్తే, ఆమె దాని పక్కనే పిన్‌కోడ్ వచ్చింది కూడా ఇదే తారీఖున అని రాసేది. మా పోస్ట్‌మ్యాన్ మురిసిపోయి ఆ గోడ ముందు ఫొటో దిగాడు. గీత కింద మాత్రం, "ఆ రోజు మనోళ్లు: జెండా ఎగరేయలేదు. నిజాం ఎగరేయనివ్వలేదు" అని ఉండేది. పండుగ పూట ఆ మాట ఎందుకని ఎవరో అన్నారు.

"పండుగ నాడు అబద్ధమాడాల్నా?" అని ఆమె తన పని తాను చూసుకుంది.

నవంబర్ ఇరవై ఆరు వస్తే గోడ మీద రెండు సంగతులు ఉండేవి. మనం రాజ్యాంగాన్ని ఆమోదించుకున్నదీ ఆ రోజే, చాలా ఏళ్ల తర్వాత ముంబై మీద దాడి జరిగిందీ ఆ రోజే. ఏది పెద్ద సంగతి అని ఒకసారి నేనే అడిగాను.

"తూకమేస్తందుకు ఇదేమన్న ఎనుమాముల మార్కెట్టా బిడ్డా? రెండూ మనయే" అంది.

దాడి జరిగిన రాత్రి మా చిన్నాయన ముంబైలో మేస్త్రీ పనిలో ఉన్నాడు. ఫోన్ కలవలేదు. తర్వాత క్షేమంగానే తిరిగొచ్చాడు. ఏడాది తిరిగాక టీచరమ్మ మా ఇంటికొచ్చి, ఆ రోజు నువ్వేం చేసినవని మా అమ్మను అడిగింది. అమ్మ "ఏం చేసిన టీచరమ్మా, అన్నం వండిన. ఎవ్వరం ముట్టలె" అంది. తెల్లారి గీత కింద ఆ మాటే ఉంది. అమ్మకు చదవడం రాదు. నా చేత చదివించుకుని, పైటతో కళ్లు తుడుచుకుంది. మా ఇంటి అన్నం గిన్నె కూడా దేశచరిత్రలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక సెప్టెంబర్ పదిహేడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాద్ సంస్థానంలో ఉన్న మా తాతలు ఇంకో ఏడాదికి పైగా నిజాం ఏలుబడిలోనే ఉన్నారు. నలభై ఎనిమిది సెప్టెంబర్ పదిహేడున ఆ ఏలుబడి ముగిసింది. ఇంతవరకు తగాదా లేదు. పేరు దగ్గరే తగాదా. విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు, విద్రోహమని ఒకరు, సమైక్యత అని ఇంకొకరు. ఏటా ముందురోజు ఎవరి మందతో వాళ్లు వచ్చి, తమ మాటే గోడ మీద ఉండాలనేవారు.

"పేరు మీరే పెట్టుకోండ్రి. జరిగింది నేను రాస్త" అని పంపించేది.

ఒక ఏడు ఆమె గీత కింద రెండు మాటలు రాసింది. మొదటిది మా మూలమీది ఇంటి తాతది. ఆయనది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె. "రజాకార్లకు భయపడి అడవిలో దాక్కున్న మా నాయన ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు." రెండోది ఎదురింటి ముస్లిం ముసలమ్మది; గల్లీ అంతా ఆమెను నానీ అనేది. ఆమె పుట్టింది బీదర్ వైపు, నాన్నను అబ్బా అనేది. "ఆ రోజు మా అబ్బా తలుపుకు గొళ్లెం పెట్టాడు. ఆ వారంలోనే రజాకారని ఆయన్ని తీసుకుపోయారు. మళ్లీ రాలేదు."

మధ్యాహ్నానికి రెండు మాటలూ లేవు. ఒకదాన్ని ఒకరు, రెండోదాన్ని వేరేవాళ్లు తుడిచారు. ఆ ఒక్క పనిలో వాళ్లకు భలే ఐకమత్యం కుదిరింది. టీచరమ్మ మళ్లీ రాసింది. కుర్చీ తెచ్చి గోడ పక్కన వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

"తుడ్వుండ్రి. మల్ల రాస్త. సుద్దముక్కలకేం కరువు లేదు నాకు."

ఒకడు కాస్త మెత్తగా, "టీచరమ్మా, నానీ మాటొక్కటి తీసెయ్యి, మేం పోతం" అన్నాడు.

"ఆమె అబ్బా వాపస్ వస్తడా? వస్తడంటే తీసేస్త."

అప్పుడే కర్ర పొడుచుకుంటూ తాత వచ్చాడు. "నాదుంచితే ఆమెది గూడ ఉంచాలె. నాయన తిరిగొచ్చినోన్ని నేను. రానోళ్ల గోస నాకెర్కలేదా?" అన్నాడు. నానీ తన గుమ్మంలో నిలబడి ఆయనకు దండం పెట్టింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ రెండు మాటలూ గోడ మీద ఉన్నాయి. తాత పోయాడు, నానీ పోయింది. టీచరమ్మ ఒక్కతే ఇద్దరినీ కాపాడుకుంటూ వచ్చింది.

ఈసారి పదహారో తారీఖు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె నల్లగోడ కనిపించలేదు. దాని మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అశ్రునివాళి అట. నిండా నాయకుల మొహాలే, ఓ మూలన నిమ్మకాయంత టీచరమ్మ మొహం. నా ఒళ్లు మండింది. తాళ్లు విప్పాను. కట్టినవాళ్లలో ఒకడు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, జర ఆలోచించు. పాత లొల్లి మల్లెందుకు? టీచరమ్మనే పోయింది."

"టీచరమ్మ పోయింది తమ్మీ. గోడ పోలే."

"సార్ ఫొటో చింపితే బాగుండదు మరి."

"చింపుతలేను. మడతబెడుతున్న."

తెల్లారి సుద్దముక్కను సగానికి విరిచి తారీఖు వేశాను. నా చేతిరాత చూస్తే ఆమె చెవి మెలిపెట్టేదే. దేశం సంగతి రాసి, దాని కింద గీత గీశాను. తాత మాట రాశాను. నానీ మనవరాలు వచ్చి, "అన్నా, మా నానీది నేను రాస్త" అని సుద్దముక్క అడిగి తీసుకుంది. గల్లీ చివర ఫ్లెక్సీ కట్టిన నలుగురు నిలబడి చూస్తున్నారు. అంతలో వాన మొదలైంది. అక్షరాలు పాలలా జారిపోయాయి. వాళ్లకు నవ్వొచ్చింది.

"దేవుడే తుడుస్తాండు అన్నా, మేమెందుకు?"

నానీ మనవరాలికి ఒక ఉపాయం తోచింది. మా అరుగు మీదున్న ఫ్లెక్సీ మడత విప్పి, ఒక కొస నా చేతికిచ్చింది. రెండు కొసలు ప్రహరీ మీది ఇనుప చువ్వలకు, ఒకటి కరెంటు స్తంభానికి, ఒకటి వాళ్ల కిటికీకి పందిరిలా కట్టాం. కట్టేముందు, మొహాలు ఎటువైపు పెట్టాలని అడిగాను.

"పైకే అన్నా. టీచరమ్మది ఒక్కటి లోపటికి మడువు."

మడిచాను. గల్లీ చివర నవ్వు ఆగిపోయింది. పైన నాయకుల మొహాల మీద వాన టపటపా కొడుతోంది. కింద ఆ పిల్ల తన ఓణీతో గోడను పొడిగా తుడిచి, "ఆ రోజు మనోళ్లు" అని మళ్లీ మొదటి నుంచి రాస్తోంది.