డ్రాయింగు మాష్టారి పలక

మా డ్రాయింగు మాష్టారు పోయి నెల దాటింది. ఆ కబురు నాకు తొమ్మిదో తరగతి గదిలో అందింది. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. అటెండరు గుమ్మంలో నిలబడి, "టీచరుగారండీ, మాష్టారు ఇందాకా పోయేరంటండి" అన్నాడు. మాది పక్కిల్లే. పొద్దున్న బడికి బయల్దేరేముందు వెళ్ళి చూసి వచ్చాను కూడా. "వెళ్ళొస్తానండీ" అంటే "ఆయ్" అన్నారు. ఆ "ఆయ్" గురించే మీకు చెప్పాలి. కానీ దానికన్నా ముందు మనిషి గురించి చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు, నా ఏడుపు నాకే మిగిలిపోతుంది.

రాజోలు దగ్గర మా హైస్కూల్లో ఆయన చాలా ఏళ్ళు డ్రాయింగు చెప్పారు. నేను అక్కడే లెక్కలు చెబుతాను. రిటైరయ్యాక కూడా ఎదురుగా అందరికీ డ్రాయింగు మాష్టారే, వెనకాల మాత్రం చైనా మాష్టారు. పిల్లలు పెట్టిన పేరు కాదది, తోటి పంతుళ్ళు పెట్టిందే. ఆ మనిషికి చైనావాళ్ళ అక్షరాలంటే అంత పిచ్చి. కిటికీ దగ్గర ఒక పలక, సుద్దముక్క, అట్టలూడిన లావుపాటి డిక్షనరీ. సాయంత్రమైతే ఇంక ఆయనకి వేరే లోకం లేదు.

ఆ పిచ్చి ఎలా పట్టిందో ఆయనే చెప్పేవారు. పెద్ద యుద్ధం రోజుల్లో కూలి పని మానేసి పటాలంలో చేరారట. బొమ్మలేసే చెయ్యి కదా అని లారీల మీద నంబర్లు, దారి పక్క బోర్డులు రాసే పనిలో పెట్టారు. అస్సాం కొండల్లో రోడ్డు వేస్తున్న చోట, ఈయన ఇంగ్లీషులో రాసిన బోర్డు మీదే కింద చైనా అక్షరాలు రాయడానికి ఒక చైనా పెయింటరు ఉండేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అతను ఒకరోజు పుల్లతో నేల మీద ఒక గడి గీసి, అందులో కూడిక గుర్తు పెట్టి, దూరంగా పొలాల వైపు చెయ్యి చూపించాడట.

"నాకు ఒళ్ళు ఝల్లుమందండి" అనేవారు మాష్టారు. "నాలుగు మళ్ళు, మధ్యలో గట్లు! మా తాత వేలిముద్ర మనిషండి. ఈ అక్షరం చూపిస్తే ఆయన కూడా చదివేసేవోడు."

తిరిగొచ్చేటప్పుడు కలకత్తాలో ఆ డిక్షనరీ కొన్నారు. తరవాత చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆయన భార్య భయపడి దాన్ని బియ్యం డబ్బా అడుగున దాచేసి, ఈయన అడిగితే "ఏ డిక్షనరీ అండీ?" అని బుకాయించారట. ఆవిడని నేను పిన్నిగారు అంటాను.

మా రెండిళ్ళకీ అరుగు ఒకటే. నేను పేపర్లు దిద్దుకుంటుంటే మాష్టారు పలక పట్టుకుని వచ్చి, "టీచరుగారండీ, ఒక్క నిమిషం" అనేవారు. ఆ నిమిషం దీపాలు పెట్టే వేళ దాకా సాగేది. ఈ పత్రికవారి దగ్గర ఆ అచ్చు అక్షరాలు ఉండవు కాబట్టి మాటల్లోనే చెబుతాను. చెట్టుకి ఒక బొమ్మ. రెండు చెట్లు పక్కపక్కన పెడితే తోపు, మూడైతే అడివి. మనిషి చెట్టుకి ఆనుకుంటే విశ్రాంతి. కప్పు వేసి దాని కింద పందిని పెడితే ఇల్లు. "పందేంటండీ బాబూ!" అని నేను మొహం చిట్లిస్తే, "పెంచుకునేవోళ్ళకి అదే కదండీ ఆస్తి" అని నవ్వేవారు.

ఒకసారి పొలం బొమ్మ వేసి, దాని కింద బలం అనే గుర్తు పెట్టి, "ఇదండి మగవాడు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఊడ్పులు ఊడ్చేదెవరండీ? కలుపు తీసేదెవరు? నడుములు పడిపోయేది ఆడాళ్ళకీ, అక్షరం మగాడికీనా?" అన్నాను. లోపల్నుంచి పిన్నిగారు "బాగా అడిగేవమ్మాయ్" అని కేకేశారు. మాష్టారు పలక వంక కాసేపు చూసుకుని, "ఇది రాసినోడు ఎప్పుడూ చేలో దిగి ఉండడండి" అని ఒప్పేసుకున్నారు.

అసలు ఆయనకి అక్షరం అర్థం కన్నా అది నడిచి వచ్చిన దారి ముఖ్యం. మొదట్లో తాబేటి డిప్పల మీద, ఎడ్ల భుజం ఎముకల మీద గీకేవారట. ఎంతో కాలం తరవాత అవి మట్టిలో దొరికితే, రాత అని తెలియక జనం మందు పేరుతో నూరుకుని మింగేశారట. ఇది చెప్పినప్పుడల్లా ఆయన నిజంగా బాధపడేవారు. "ఎన్ని మాటలు కడుపుల్లోకి పోయేయో చూడండి" అనేవారు. సూర్యుడు మొదట గుండ్రంగా, మధ్యలో చుక్కతో ఉండేవాడు. ఎముక మీద గుండ్రం గీకడం కష్టం, ఆ తరవాత గుమస్తాలు కుంచెలతో తొందర తొందరగా రాసి రాసి గుండ్రాలన్నిటికీ మూలలు తెప్పించారు. "మనోళ్ళేమో తాటాకు చిరుగుతుందని గీతల్ని గుండ్రంగా తిప్పేరు. ఎవరి తిప్పలు వాళ్ళవండి" అనేవారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు. "అక్షరం పుట్టినప్పుడు అందరికీ అర్థమవుతుందండి. పెద్దదయ్యేకొద్దీ చదువుకున్నోళ్ళకే అర్థమవుతుంది."

ఈ పదేళ్ళలో మా వైపు ఇంటికొకరు కువైటనీ మస్కట్టనీ వెళ్తున్నారు. వాళ్ళు సెలవుకి వస్తే ఊరంతా సామాను చూడ్డానికి వెళ్ళేది, మాష్టారు అట్టపెట్టెలు చూడ్డానికి వెళ్ళేవారు. చైనాలో అక్షరాలు మార్చేశారని ఆయనకి అలాగే తెలిసింది. ఒక చేపల డబ్బా మీది కాగితం ఊడదీసుకుని వచ్చి, "చూసేరాండీ, చేపకి తోక కోసేసేరు!" అన్నారు. పాత అక్షరంలో తోక ఉండే చోట నాలుగు చుక్కలుంటాయి, కొత్తదాంట్లో ఒక్క గీతే. ఆ దిగులు రెండు మూడు రోజులుంది. తరవాత ఒక ఫ్లాస్కు పెట్టె మీద మేఘం కూడా మారిపోయి కనిపించింది. డిక్షనరీ తిరగేస్తే, కొత్తగా పెట్టింది నిజానికి పాతకాలపు మేఘమేనని తేలింది. "మారలేదండి, తిరిగొచ్చింది!" అని ఆ రోజు ఆయన పడిన సంబరం చెప్పలేను. ఏం తిరిగొచ్చిందో తెలియకపోయినా పిన్నిగారు గారెలు వండారు.

పోయినేడు వానాకాలంలో పెరట్లో మొహం కడుక్కుంటూ పడిపోయారు. కాకినాడ తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మిగిలింది ఒకే ఒక్క మాట, ఆయ్. మా గోదావరి వాళ్ళం కదా, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఎవరేం చెప్పినా అవునండీ అనడానికి ఆయ్ అంటూ పెరిగినవాళ్ళం. బాగా అలవాటైన మాట ఒక్కోసారి అలా ఉండిపోతుందని డాక్టరుగారు చెప్పారు.

"నొప్పిగా ఉందాండీ?" అంటే ఆయ్. "నొప్పి తగ్గిందాండీ?" అన్నా ఆయ్. "అన్నం వద్దా?" ఆయ్. కళ్ళు మాత్రం కాదు, కాదు అని మొత్తుకునేవి. చేతికి పేపరిస్తే తెలుగు అక్షరాల వంక గోడని చూసినట్టు చూసేవారు. జీవితమంతా అక్షరాలతో గడిపిన మనిషికి ఇదేం శిక్ష అని నాకు దేవుడి మీదే కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

ఆసుపత్రి నుంచి వాళ్ళమ్మాయి మండపేటలో తన ఇంటికి తీసుకెళ్ళింది. నేను సెలవు పెట్టి చూడ్డానికి వెళ్ళాను. మనవరాలి పలక ఆయన ఒళ్ళో ఉంది. ఎడం చేత్తో బలపం పట్టుకుని ఏదో గీస్తున్నారు.

"పిచ్చి గీతలమ్మాయ్. పొద్దున్నుంచీ ఇదే వరస" అన్నారు పిన్నిగారు, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

నేను వంగి చూశాను. మధ్యన ఒక నిలువు గీత, అటూ ఇటూ పాయలు. "పిచ్చి గీతలు కాదండీ! నీళ్ళు! నీళ్ళడుగుతున్నారు!" అని అరిచిన అరుపుకి ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. గ్లాసు నోటికి పెడితే గటగటా తాగేశారు. తాగి, నా వంక చూసి ఏడ్చారు. మేమూ ఏడ్చాం. తెలుగంతా తుడిచిపెట్టుకుపోయిన బుర్రలో, పరాయి కొండల్లో పుల్లతో నేర్చుకున్నది మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

మర్నాడు ఇంకొకటి రాశారు. పైన టోపీలాంటిదేదో ఉంది, కింద పంది నాకు స్పష్టంగా కనిపించింది. కనిపెట్టానన్న గర్వంతో "పంది" అనేశాను. అల్లుడుగారు మంచి మనిషి. "ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఒకటడిగేరండీ పాపం" అంటూ సంచీ పట్టుకుని వెళ్ళి పంది మాంసం తెచ్చారు. కూతురు కారం తగ్గించి, మెత్తగా ఉడికించి, ముద్ద కలిపి నోట్లో పెట్టింది. మాష్టారు ఆ ముద్ద నములుతూ మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు.

"బాగుందా నాన్నా?"

"ఆయ్."

అప్పుడు వెలిగింది నాకు. అది టోపీ కాదు, ఇంటికప్పు. కప్పు కింద పంది! ఆయన ఇంటికి తీసుకెళ్ళమంటుంటే మేం కూర వండి పెట్టాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వారంలోనే కారు మాట్లాడి రాజోలు తీసుకొచ్చేశారు.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు బాగానే గడిచింది. నాకు తెలిసినవి కొద్ది అక్షరాలే. నేను లెక్కల మనిషిని, అరుగు మీద చెవిన పడిందే నా చదువు. పిన్నిగారు నాకన్నా తొందరగా నేర్చుకున్నారు. చంద్రుడి గుర్తు వేస్తే కిటికీ తెరవాలనీ, వాన గుర్తు వేస్తే దుప్పటి కావాలనీ ఆవిడే కనిపెట్టారు. ఇలాగే వెళ్ళిపోతుందనుకున్నాం.

అప్పుడు మొదలైంది ఆ అక్షరం. ఎడం పక్కన మూడు చుక్కలు, కుడి పక్కన చిక్కుపడిన గీతలు. నీళ్ళిచ్చాం, కాదు. స్నానం చేయించాం, కాదు. కాలవ గట్టు దాకా కుర్చీలో మోయించాం, కాదు. తుడిచి మళ్ళీ అదే రాసేవారు. మేం తెల్లమొహాలు వేస్తే బలపంతో పలకని కొట్టేవారు, ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

పిన్నిగారికి తిండి సయించడం మానేసింది. "నన్నేదో అడుగుతున్నారమ్మాయ్. లేకపోతే ఏదో చెబుతున్నారు. ఇన్నేళ్ళ కాపురం చేసి, ఆ ఒక్క మాటా వినకుండా పంపించేస్తానేమో" అనేవారు.

నేను డిక్షనరీ తెరిచాను. "ముందు గుమ్మం వెతకండి" అని ఆయనే చెప్పేవారు. ప్రతి అక్షరానికీ ఒక ముఖ్యమైన ముక్క ఉంటుంది, దాని కిందే వెతకాలి. మూడు చుక్కలంటే నీళ్ళు. గుమ్మమైతే దొరికింది గానీ లోపల గదులకి అంతు లేదు. నది, నూనె, లోతు, కడగడం, కన్నీళ్ళు, అన్నీ నీళ్ళ కిందే. న్యాయం కూడా నీళ్ళ కిందే ఉంది, ఎందుకో మాష్టారే చెప్పాలి. ఒక్కొక్కటీ చూపించి "ఇదాండీ?" అంటే ఆయ్. "మరి ఇదీ?" ఆయ్. వేలు పెట్టి చూపించమంటే వేలు వణికి పేజీ అంతా తిరిగేది. వణుకుతో రాసిన గీతల్లో ఏది ఎక్కడ మొదలైందో నాకు తెలిసేది కాదు.

విశాఖపట్నంలో చైనా పళ్ళ డాక్టరొకడున్నాడని ఎవరో చెప్పారు. మాష్టారి చేతే కాగితం మీద రాయించుకుని బస్సెక్కాను. బుగ్గలు పట్టుకుని కూర్చున్నవాళ్ళ మధ్య నేనూ కూర్చున్నాను. నా వంతు వచ్చింది.

"ఏ పన్నండీ?" అన్నాడతను, శుభ్రమైన తెలుగులో.

కాగితం ఇచ్చి సంగతంతా చెప్పాను. అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను కలకత్తాలో పుట్టి పెరిగానండీ. మాట్లాడతాను గానీ చదవలేను. మా నాన్నగారికి వచ్చు. ఆయన లేరు." ఇంకాసేపు చూసి, "ఈ మూడు చుక్కలూ నీళ్ళండీ" అన్నాడు. అది నాకూ తెలుసు. రెండు చేతులతో కాగితం తిరిగిస్తూ, "మీ మాష్టారుగారు ఎలా నేర్చుకున్నారండీ?" అని అడిగాడు. ఆ గొంతులో ఆశ విని నాకు కోపం కూడా రాలేదు.

ఇంటికొచ్చేసరికి మాష్టారు గుమ్మం వైపే చూస్తున్నారు. నేనెక్కడికి వెళ్ళానో ఆయనకి తెలుసు. "కనుక్కోలేకపోయానండీ" అన్నాను. "ఆయ్" అన్నారు. అన్ని నెలల్లో ఆ ఒక్కసారే ఆ మాట సరిగ్గా పడింది. దాని తరవాత కూడా రాస్తూనే ఉన్నారు, పలకని కొట్టడం మాత్రం మానేశారు.

పోయిన రోజున మంచం పక్కన పలక మీద అదే ఉంది. పిన్నిగారు తుడవనివ్వలేదు. సమాధి రాయి మీద పేరు, బైబిలు వాక్యం రాయించాక దాన్ని కూడా చెక్కించాలని పట్టుబట్టారు. పాస్టరుగారు ఆలోచించి, "చెడ్డ మాట రాసే మనిషి కాదు కదమ్మా, చెక్కించండి" అన్నారు.

మొన్న అమలాపురం నుంచి రాళ్ళు చెక్కేతను వచ్చాడు. పలక పక్కన పెట్టుకుని, చూసి చూసి చెక్కుతూ ఒకచోట ఉలి ఎత్తేశాడు. "అమ్మగారండీ, ఈ గీత చివర వంకర తిరిగింది చూడండి. ఇది అక్షరంలోదాండీ, పెద్దాయన చెయ్యి వణికిందాండీ?"

నేను పలక చేతిలోకి తీసుకుని చూశాను. ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు.

"ఉన్నదున్నట్టు చెక్కు నాయనా" అన్నారు పిన్నిగారు.

అతను వంకరతో సహా చెక్కాడు. అయ్యాక గీతల్లోని రాతిపొడి నోటితో ఊది, లేచి రెండడుగులు వెనక్కి వెళ్ళి చూసుకున్నాడు. పని నచ్చినట్టే ఉంది.

"ఇంతకీ నేనేం రాసేనండీ?" అన్నాడు.

పిన్నిగారు నా వంక చూశారు.