మూడో చుక్క

మ్యూజియం మేడమీద, మెట్లెక్కగానే ఎడమచేతివైపు, కలరా ఉండల వాసన గుప్పున కొట్టే గది ఒకటుంది. ముప్ఫై ఆరేళ్లుగా అది సూదులాయన గది. ఆ పేరు తోటివాళ్లు పెట్టింది. అసలు పేరుతో పిలిస్తే ఆయనే ఓ క్షణం ఆలోచించుకుని పలికేవాడు. చచ్చిన సీతాకోకచిలుకను గాడి చెక్కమీద పెట్టి, నడుంలో సన్నటి సూది గుచ్చి, రెక్కలు విప్పి కాగితపు పట్టీలతో అదిమి ఆరబెట్టడం ఆయన పని. ఆరాక అదే సూదికి గోరంత చీటీ గుచ్చుతాడు: ఎక్కడ దొరికింది, ఏ రోజు, పట్టిందెవరు. చీటీలో అబద్ధం రాసేవాణ్ని గడ్డి తినేవాడి కింద జమకట్టేవాడు. ఇంట్లో మందుసీసాలమీద కూడా తేదీలు అతికించేవాడు. "నా నుదుటిమీద కూడా ఒకటి అతికించండి, ఓ పనైపోతుంది" అని భార్య దెప్పుతుండేది.

ఆ ఏడాది పైవాళ్లకు ఉన్నట్టుండి సీతాకోకచిలుకమీద ప్రేమ పుట్టుకొచ్చింది. రాష్ట్రానికి ఒక చిహ్నం కావాలన్నారు. వెతికి వెతికి మసిరెక్కను ఎంచారు. ఈ నేలమీద తప్ప ఇంకెక్కడా పుట్టదన్నది దాని గొప్ప. ఈ నేలమీద కూడా పుట్టడం మానేసి పన్నెండేళ్లయిందన్న సంగతి మాత్రం, తీర్మానం అయ్యాక గానీ ఎవరికీ తట్టలేదు. అది బతికిన ఏటిపక్క తుప్పల్లో ఇప్పుడు గోడౌన్లున్నాయి. మ్యూజియంలో ఉన్న ఎనిమిదింటిలో ఏడు, కప్పు కురిసిన ఏడాది బూజుపట్టి పొడైపోయాయి. మిగిలినది ఒక్కటే. చిత్రకారుడు వచ్చి, భూతద్దం పెట్టుకుని, దాన్ని ఉన్నదున్నట్టు గీసుకుపోయాడు.

నల్లటి రెక్కలు, కింది రెక్కలమీద ఎర్రచుక్కలు. కుడివైపు రెండు, ఎడమవైపు మూడు. ఆరునెలల్లో ఆ బొమ్మ బస్సులమీదికి, బస్టాపులమీదికి, నీటిపన్ను రసీదులమీదికి, ఆఖరికి మ్యూజియం కాపలావాడి చొక్కా జేబుమీదికి కూడా ఎక్కింది. ఎటు చూసినా ఆ మూడో చుక్కే. అది చూసినప్పుడల్లా సూదులాయనకు అరచెయ్యి మండేది.

ముప్ఫై ఒక్కేళ్ల కిందటి మాట. భార్యకు జ్వరమొస్తే ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని పనికొచ్చాడు. ఒక్కగానొక్క పిల్ల. స్టూలుమీద కూర్చోబెట్టి, "దేన్నీ ముట్టుకోకు" అని చెప్పి, అప్పటి పెద్దాఫీసరు పిలిస్తే కిందికెళ్లాడు. పిల్ల నిజంగానే దేన్నీ ముట్టుకోలేదు. తెరిచి ఉన్న సొరుగుమీదికి వంగి, బుగ్గలు పూరించి, మసిరెక్కమీద ఊదింది. ఎండిన రెక్క పుటుక్కున విరిగి పొడిపొడి అయింది. అప్పుడే లోపలికొచ్చిన తండ్రి ఒక్కటిచ్చాడు. పిల్లను కొట్టడం అదే మొదలు. పిల్ల ఏడవలేదు, చెంపమీద చెయ్యి పెట్టుకుని ఆ పురుగువంకే చూస్తూ నిలబడింది. ఆయన గబగబా వెతికి, డబ్బా అడుగున లెక్కకు రాని ఆడ మసిరెక్క ఉంటే దాని రెక్క తీసి, బొట్టు జిగురుతో అతికించాడు. మగదానికి రెక్కకు రెండు చుక్కలు, ఆడదానికి మూడు ఉంటాయని తెలుసు. ఎవరు లెక్కపెట్టొచ్చారు అనుకున్నాడు. వాళ్లమ్మకొచ్చిన జ్వరమే పిల్లకూ అంటుకుని, పదకొండో రోజున దాన్ని ఎత్తుకుపోయింది. ఆ చెంపదెబ్బ గురించి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేందుకు నోరు రాలేదు.

రిటైరవడానికి రెండు నెలలుందనగా కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఆయన్ని పిలిచింది. చిన్న వయసు, మంచి మనిషి, పనిమంతురాలు.

"బాబాయిగారూ, బడిపిల్లల పుస్తకానికి మసిరెక్కమీద రాస్తున్నాను. పాత పుస్తకాల్లో నాలుగు వాక్యాలకు మించి లేవు. ఒకవైపు రెండు, ఒకవైపు మూడు చుక్కలుండటం ఈ జాతి ప్రత్యేకత అని రాశాను. ఒకసారి చూసి చెప్తారా? దీన్ని ప్రాణాలతో చూసినవాళ్లు మీరొక్కరే మిగిలారు."

కాగితం చూశాడు. అక్షరాలు అలుక్కుపోయాయి. కాదనడానికి బయట ఒక్క మసిరెక్క లేదు. తాను నోరు మూసుకుంటే అబద్ధమే నిజమై కూర్చుంటుంది, పిల్ల ఊదిన ఊపిరి ఊరంతా ఉండిపోతుంది. నోరు విప్పితే చెరిపేస్తారు. "రేపు చెప్తానమ్మా" అన్నాడు.

ఆయన భార్య ఆస్పత్రిలో దుప్పట్లు కుట్టే పనిచేసేది. ఆ సాయంత్రం ఆమె కూరలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని, రెక్క సంగతీ చెంపదెబ్బ సంగతీ చెప్పేశాడు. ఆమె కత్తిపీట మీదనుంచి తల ఎత్తలేదు.

"అది ఆరోజే చెప్పింది నాకు" అంది.

"కొట్టానని చెప్పిందా?"

"ఊదితే ఎగురుతుందనుకున్నానమ్మా, ఎగరలేదు అని ఏడ్చింది. కొట్టారనీ చెప్పింది. మీరే చెప్తారులే అని ఊరుకున్నా."

"ముప్ఫై ఒక్కేళ్లా?"

"నేనేం చెయ్యను, మీరు నోరు విప్పందే" అంది. తరిగిన ముక్కలు పళ్లెంలోకి తోసి, "నడిచి వెళ్లేంత దూరానికి బస్సెందుకు ఎక్కుతున్నాననుకున్నారు? ఆ బొమ్మకోసం. ఆ మూడో చుక్క మన పిల్లది. చెప్పకండి" అంది.

ఆయనకు రాత్రంతా కునుకు లేదు. తెల్లారి పనికెళ్లి చెప్పేశాడు. అబద్ధం పిల్లల పుస్తకంలోకి పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. అయితే సగమే చెప్పాడు. "నా చెయ్యి జారి విరిగిందమ్మా. భయపడి ఆడదాని రెక్క అతికించాను" అన్నాడు. చనిపోయిన పిల్లమీదికి తప్పు నెట్టడం ఆయనకు చేతకాలేదు.

ఆఫీసరమ్మ తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. అంటుకున్న రెక్క తీయడం ఇంకెవరి వల్లా కాదు గనుక ఆయన్నే తీయమంది. తడి ఇసుక డబ్బాలో రెండు రోజులు ఉంచి, జిగురు మెత్తబడ్డాక, పట్టకారుతో ఆయనే ఊడదీశాడు. మసిరెక్క ఒక్క కింది రెక్కతో మిగిలింది. దాని సూదికి ఆమె కొత్త చీటీ గుచ్చింది: ఎడమ కింది రెక్క సిబ్బంది అజాగ్రత్తవల్ల విరిగినది.

నెల తిరక్కుండా, బొమ్మ సరిదిద్దమని పైవాళ్లు పంపిన రంగులవాళ్లు దిగారు. నల్లరంగు డబ్బా, ఒక కుంచె; చుక్కకు ఒక్క పోటు. ఆ రోజు భార్య నడిచే ఇంటికొచ్చింది. సంచి గోడకు తగిలించింది.

"మన బస్టాపుమీదిదీ పోయింది" అంది.

ఆయన లేచి మంచినీళ్ల గ్లాసు అందించాడు.

"విరిచింది పిల్లేనని చెప్పారా?"

"లేదు. నా చెయ్యి జారిందన్నాను. దానికి మాట రాకూడదని."

"అయితే ఇప్పుడు మన పిల్ల ఎక్కడా లేదు" అంది. పొయ్యి దగ్గరికెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, "ఎగరలేదని ఏడ్చిన పిల్ల. దానికి మాటొస్తే ఏం?" అంది. ఆ తర్వాత ఆయనతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

ఆఖరి పనిరోజున కింద హాల్లో దండలూ ఉపన్యాసాలూ అయ్యాక, తాళాలు అప్పగించేముందు సూదులాయన పైకెళ్లాడు. సొరుగు లాగాడు. గోరంత చీటీ ఒకటి కత్తిరించి, సన్నపాళీ పెన్నుతో రాశాడు: రెక్క విరిచింది మా అమ్మాయి, ఆరేళ్లు, ఊదితే ఎగురుతుందని. కింద పిల్ల పేరు, తేదీ రాశాడు. తాళాలకోసం వెనకే పైకొచ్చిన ఆఫీసరమ్మకు చూపించి చెప్పాలనుకున్నాడు, చెప్పాడు కూడా. ఆమె చదివి, తన చీటీ తీసేసి, కిటికీవైపు తిరిగి నిలబడింది.

అప్పుడాయన చీటీని తిరగేసి, వెనకవైపు ఇంకో రెండు మాటలు రాశాడు: నేను కొట్టాను. ఇంకు ఆరేదాకా పట్టుకుని, సూదికి గుచ్చి, సొరుగు మూశాడు. ఆ వైపు చదవాలంటే ఎవరైనా సూది పీకాలి.