మణెమ్మత్త తిట్లూ, మా చెరువు చేపలూ

మణెమ్మత్త నోటికి ఈపూరు చుట్టుపక్కల భయపడని మనిషి లేడు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చిందంటే బేరమాడే ఆడవాళ్ల గొంతు దానంతటదే తగ్గేది. నాగార్జునసాగర్ డ్యాము ఇంకా కడుతున్న రోజులవి. మా పేటలో సగం మంది చెరువు మీదే బతికేవాళ్లు. చెరువులో చేప లేని ఏడాది మగవాళ్లు డ్యాము దగ్గరికి రాళ్లు మొయ్యడానికి పోవాల్సిందే. మణెమ్మత్త మొగుడు అలా పోయి, కాలు విరగ్గొట్టుకుని వచ్చి మంచాన పడ్డాడు. ఆమెకు చెరువంటే అంత పట్టింపు అందుకే.

ఆమె కోపమంతా మృగశిర కార్తె మీద. ఆ కార్తెకు చేప తిని తీరాలని ఊరంతా తహతహలాడుతుంది. సరిగ్గా అప్పుడే తొలకరికి వాగు పారుతుంది, చెరువులో చేపలు కడుపు నిండా గుడ్లతో ఆ నీటికి ఎదురెక్కుతాయి. గంప అడ్డం పెడితే చాలు, వచ్చి పడతాయి. ఏటేటా చేప పల్చబడుతోందని అందరికీ తెలుసు. అయినా గంప ఇంట్లో పెట్టి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఒక ఏడు, ఆదివారం ప్రార్థన అయ్యాక మణెమ్మత్త చర్చి ముందే అందరినీ దులిపేసింది.

"కడుపుతో ఉన్నదాన్ని కోసుకు తిని, మళ్లీ చేపల్లేవని నెత్తి కొట్టుకుంటారేందిరా? ఈ ఒక్క ఏడు వాగులో చెయ్యి పెట్టబాకండి. చెరువులో చేప పెరక్కపోతే నన్నడగండి!"

వలల వాళ్లకు పెద్ద యల్లమంద. అతను గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. కార్తె నాడు మణెమ్మత్త కర్ర పట్టుకుని వాగు ఒడ్డున కూర్చుంది. కళ్లముందే చేపలు ఎగురుతుంటే పేటంతా పప్పుచారుతో సరిపెట్టుకుంది.

తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆమె కూతురు సుందరికి మాత్రం చేపగుడ్ల కూర మీద మనసు పుట్టింది.

"ఒక్క చేపేనే అమ్మా. ఎవరు చూస్తారు?"

"పేటంతా నోరు కట్టుకుంటే నా కూతురికి వండిపెట్టనా? కుదరదు."

సుందరి ఆ పూట అన్నం ముట్టలేదు. మణెమ్మత్తా ముట్టలేదు.

ఇంత చేస్తే ఏమైంది? కార్తె దాటగానే వాన మొహం చాటేసింది. గుడ్లు పగిలి పిల్లలైతే అయ్యాయి గానీ, వాగు తెగిపోయి గుంటల్లోనే ఎండిపోయాయి. మిగిలినవి కొంగల పాలు. చెరువులోకి నీళ్లే రాలేదు, చేప ఎక్కణ్ణించి వస్తుంది? డ్యాము పనికి మూట కట్టుకున్న యల్లమంద దారిలో ఆమె గుమ్మం ముందు ఆగాడు.

"నిన్నడగమన్నావుగా అత్తా. అడుగుతున్నా. చేపలేయి?"

"వాన పడకపోతే నేనేం చేసేదిరా?"

"పడుంటే నీ వల్లే పెరిగినయ్యి అనేదానివిగా?"

మణెమ్మత్త లోపలికి పోయి తలుపేసుకుంది.

మరుసటేడు కార్తెకు కసి కొద్దీ పట్టుకు తిన్నారు. ఆమె తిట్టింది గానీ ఆ తిట్లలో పస లేదు. చూడండి చోద్యం, ఆ ఏడు వానలు ఇరగదీశాయి. పైచెరువు పొంగి, అందులో చేపంతా మా చెరువులోకి కొట్టుకొచ్చింది. వల వేస్తే లాగలేకపోయారు. గుడ్లు తింటేనే చేప పెరుగుతుందని యల్లమంద వేళాకోళమాడాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఏమని కాదనను? చంకన పిల్లాడితో వచ్చిన సుందరి ఒకే మాటంది.

"నాకు పెట్టని చేప ఎవరికి మిగిలిందే అమ్మా?"

ఆ తర్వాతి కార్తెకు మణెమ్మత్త ఇల్లు కదల్లేదు.

అప్పుడు చూశాను మావాళ్ల తీరు. అంతకుముందు ఎంత ఎగబడ్డా, ఆమె తిడుతుందనే భయంతో వేలెడంత వాటిని నీళ్లలోకి విసిరేసేవాళ్లు. వాగు మొత్తానికి వల అడ్డం కట్టేవాళ్లు కాదు. ఎండెక్కేసరికి ఇళ్లకు పోయేవాళ్లు. ఈసారి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వల కట్టేశారు. తినగలిగినంత తిని, మొయ్యగలిగినంత మోసి, మిగతాది ఒడ్డునే పారేశారు. సాయంత్రానికి పొరుగింటి ఆరోగ్యమ్మ ఉండబట్టలేక మణెమ్మత్త దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"తిట్టడానికైనా రా వదినా. నువ్వు లేకపోతే మనుషుల్లా లేరు."

"ఏం చూసుకుని తిట్టేది? వదిలితే రాలా, తింటే వచ్చినయ్యి. వాళ్లే గెలిచారు."

"వాగు కాడ కుళ్లుతున్నయ్యి, అయి చూసి చెప్పు ఎవరు గెలిచారో."

మర్నాడు తెల్లారకముందే మణెమ్మత్త వాగు దగ్గరికి వచ్చింది. అప్పటికి అక్కడ కాపాడుకోవడానికి చేపంటూ లేదు. గట్టు మీద నిలబడి గొంతు పోయేదాకా తిట్టింది. వలలు విప్పుకోవడానికి వచ్చిన వాళ్లలో ఒక్కరూ ఎదురు చెప్పలేదు.