నీలిరెక్క జగన్నాధం

కాకి రాలేదు.

వంశధార కాలవ గట్టు మీద అరిటాకు పరిచి, అన్నం, గారెలు, బూరెలు, పరమాన్నం వడ్డించి మేమంతా దూరంగా జరిగి నిలబడ్డాం. ఆ రోజు జగన్నాధం పెద్దకార్యం. ఆకులోది కాకి ముడితే పోయినవాడు తృప్తిగా వెళ్ళాడని, ముట్టకపోతే కోరికేదో మిగిలిపోయిందని మా కోటబొమ్మాళి వైపు నమ్మకం. కాకులు లేవా అంటే ఉన్నాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి.

జగన్నాధం భార్య సుభద్రమ్మ ఆ తీగ మీంచి చూపు తిప్పడం లేదు.

"కోపంతో ఎల్లిపోనాడేటి అన్నియ్యా?" అంది నాతో మెల్లగా.

కోపం జగన్నాధానికి చేతకాని పని. వాడూ నేనూ ఒక బడిలో చదివాం. ఆ రోజుల్లోనే మా ఊరి స్టేషన్ బెంచీ మీద ఎవరో రైలు ప్రయాణికుడు వదిలేసిన బొమ్మల పుస్తకం ఒకటి మాకు దొరికింది. అట్ట లేదు. అందులో ఒక గడియారాలు బాగుచేసేవాడు చీకటి పడగానే ముసుగు కట్టుకుని, నీలం రెక్కలు తొడుక్కుని ఊరిని కాపాడటానికి ఎగిరిపోతాడు. వాడి పేరు నీలిరెక్క. రైలు వెళ్ళిపోయింది, పొద్దు వాలింది, మేం బెంచీ దిగలేదు.

నేను తర్వాత లావుపాటి నవలల్లోకి వెళ్ళిపోయాను. జగన్నాధం నీలిరెక్క దగ్గరే ఉండిపోయాడు. నా చేతిలో కొత్త పుస్తకం కనిపిస్తే చాలు, "ఇందులో ఎవులు సస్తార్రా?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. "నీ పుస్తకాల్లో అందరూ సచ్చిపోతారు. మావోడు సూడు, ఈ నెల కొండ మీంచి పడిపోతాడు, పై నెలకి దులుపుకుని లెగుస్తాడు" అనేవాడు.

వాడిది వరి సేద్యం. ఎరువులకని శ్రీకాకుళం వెళితే ముందు బస్టాండు పుస్తకాల కొట్టు, ఆ తర్వాతే ఎరువులు. నీలిరెక్క కొత్త సంచికతో పాటు వేళ్ళకు తొడుక్కునే పసుప్పచ్చ గొట్టాల పొట్లం కూడా కొనాల్సిందే. ఐదు వేళ్ళకూ ఐదు గొట్టాలు తొడుక్కుని, పేజీకొకటి కొరుక్కుంటూ గట్టు మీద చదివేవాడు. మీసాలొచ్చినా, అవి నెరిసినా ఆ పద్ధతి మారలేదు. వాడి పుస్తకాల మీద పసుప్పచ్చ వేలిముద్రలుంటాయి. ఆ సంచికలు రావడం ఆగిపోయాక పాతవే తిరగేసేవాడు. కూతురు దుర్గాభవాని సెల్‌ఫోన్లో ఎగిరే వీరుల సినిమాలు చూపిస్తే శ్రద్ధగా చివరిదాకా చూసి, "బాగున్నాది గాని, మనం ఊహించుకోడానికేటీ మిగల్లేదే గుంటా" అన్నాడు.

చేలో మందు కొట్టే రోజు వాడికి పండగ. వీపున తగిలించుకునే మందుడబ్బాకి రెండు పక్కలా నీలం రంగుతో రెక్కలు వేయించుకున్నాడు. వాసన పట్టకుండా మొహానికి తువ్వాలు కట్టుకోవాలి కదా, ఆ ముడి మాత్రం సుభద్రమ్మే వేయాలి. భార్యకి వీపు తిప్పి నిలబడేవాడు.

"గట్టిగా కట్టే. దుష్టుల్ని సంపడానికి ఎల్తన్నాను."

"దోమపోటుని సంపి రా, సాలు."

"సుభద్రా, అసలు ఆడు ముసుగెందుకేసుకుంటాడో తెలుసునా నీకు?"

"గేదికి కుడితెట్టాల," అని ఆవిడ వెళ్ళిపోయేది. వాడు నవ్వుకుంటూ చేలోకి పోయేవాడు. ఇంటికొచ్చాక మళ్ళీ మొదలెట్టేవాడు. అప్పటికి ఆవిడకి పొయ్యి మీద ఎసరు మరుగుతుండేది.

మందు కొట్టడానికి కూలీలు వచ్చాక కూడా ఆ డబ్బాని ఎవరికీ ఇవ్వలేదు. గుండె నొప్పితో పోయిన రోజు పొద్దున కూడా దాన్ని కడిగి ఎండలో పెట్టాడు.

పెద్దకార్యం నాడు పోయినవారి చాప, దుప్పటి, బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యడం ఆచారం. సుభద్రమ్మ తమ్ముడు నరసింగరావు పొద్దున్నే వాటితో పాటు నీలిరెక్క పుస్తకాల ఇనప్పెట్టెని కూడా అరుగు మీదికి లాగించాడు. సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కాలవ గట్టు మీద ఆ నరసింగరావే అందరికంటే ముందు కంగారు పడ్డాడు. ఆకు దగ్గరికెళ్ళి చేతులు జోడించాడు.

"బావా, తెలిసింది. పొలం గట్టు నాను ఓ జానెడు నీ వేపు జరిపినాను. నిజమే. వచ్చే దుక్కికి వెనక్కి జరిపేస్తాను. ఒచ్చి తిను బావా."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాకులు కదల్లేదు.

"గట్టు గురించి నాన్నకి ఎప్పుడో తెలుసు మావా. నవ్వుకునీవోడు," అంది దుర్గాభవాని. ఆమె చేతిలో గొట్టాల పొట్లం ఉంది. అంతకుముందే దాన్ని ఆకులో పెట్టబోతే నరసింగరావు "పెద్దకార్యంలో గొట్టాలేటే!" అని కసిరాడు. అప్పట్నుంచి అలాగే పట్టుకుని నిలబడింది.

అప్పుడు సుభద్రమ్మ ముందుకు నడిచింది. కాకుల వైపు చూడలేదు. మందు కొట్టే రోజు వీపు తిప్పి నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఇనుకో. ఆ పెట్టి ఎక్కడికీ ఎల్దు. దాసడమే కాదు, నాను సదువుతాను. ఐదో తరగతి సదువు, కూడబలుక్కునైనా సదువుతాను. నువ్వు సెప్పబోతే ఒక్కపాలీ కూకుని ఇన్లేదు. గేదికి కుడితెట్టాల, పొయ్యి మీద ఎసరున్నాదీ అని లెగిసెల్లిపోనాను. ఎసరు ఎక్కడికి పోతాది? ఇప్పుడు ఇంటన్నాను కదా. కోపం ఒదిలీ."

కొంగుతో కళ్ళు తుడుచుకుని వెనక్కి వచ్చేసింది. దుర్గాభవాని ఎవరినీ అడక్కుండా వెళ్ళి పొట్లం చింపి గొట్టాలు ఆకులో పోసింది. నరసింగరావు ఈసారి కసరలేదు.

మేం నాలుగడుగులు వెనక్కి వేశామో లేదో, తీగ మీంచి ఒక కాకి దిగింది. గారెని పక్కకి నెట్టింది. ఒక గొట్టాన్ని పొడిచింది. అది ముక్కుకి ఉంగరంలా దిగబడిపోయింది. తల విదిలించింది, ఊడలేదు. అలాగే పసుప్పచ్చ గొట్టం ముక్కుకి తొడుక్కుని కాలవ మీదుగా ఎగిరిపోయింది. మిగతావి ఆకు మీదికి దిగాయి. ముందు దుర్గాభవాని నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. సుభద్రమ్మ ఏడుస్తూనే నవ్వింది.

కాకి దేనికి వచ్చిందో నేను చెప్పలేను. సుభద్రమ్మకి మాత్రం అనుమానం లేదు. ఇంటికి రాగానే తమ్ముణ్ణి పిలిచి పెట్టె లోపల పెట్టమంది.

"పోయినోడి వస్తువు ఇంట్లో ఉంచకూడదే అప్పా."

"పోయినోడిది కాదురా. నాది."

నరసింగరావు గొణుక్కుంటూనే మోశాడు.

చుట్టాలు వెళ్ళిపోయాక, పొద్దు వాలుతుండగా సుభద్రమ్మ అరుగు మీద కూర్చుని పెట్టె తెరిచింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. "మొదటిదేది అన్నియ్యా?" అంది. అట్ట లేని పుస్తకం తీసి ఇచ్చాను. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలెట్టింది. వేలు పసుప్పచ్చ మరకల మీద ఆగి ఆగి వెళుతోంది. ఒక బొమ్మ దగ్గర చాలాసేపు ఉండిపోయింది. నీలిరెక్క మేడ అంచున మనకి వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. మెడ వెనక ముసుగు కొసలు గాలికి ఎగురుతున్నాయి.

"ఆడి రెక్కలు ఆడు తొడుక్కుంటాడు, సరే. ఈ ముడి ఎవులు కడతారు అన్నియ్యా?"

ఇన్నేళ్ళలో ఆ మాట నాకు తట్టలేదు. జగన్నాధానికి తట్టి ఉంటుందా? తెలియదమ్మా అన్నాను.

"ముందుంటాదేమో, సూద్దాం," అని వేలు తడి చేసుకుని పేజీ తిప్పింది.